దేవుని వాక్కును యంత్రం అనువదించవచ్చునా?



హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలలో కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్న మన క్యాతలిక్ యువతీయువకులు ఎంతోమంది ఉన్నారు. వారు పండుగకో పబ్బానికో సొంత విచారణకు వచ్చినపుడు గురువులను, ఉపదేశులను, చివరకు కన్నతల్లిదండ్రులను కూడ ఈమధ్య ఒక ప్రశ్న అడుగుతున్నారు. కంప్యూటరు ఈనాడు ఒక భాషలోని మాటలను మరొక భాషలోకి రెప్పపాటులో మారుస్తున్నది గదా! కోయ, గోండు, కొలామి, సవర, కువి మాట్లాడే కొండప్రజలు మన చుట్టుప్రక్కలనే ఉన్నారు. అటువంటపుడు యంత్రంచేత బైబులును ఆ భాషలలోకి తిప్పించి వారి చేతికి ఇవ్వక, ఒక్కొక్క భాషకు పదేళ్లు, పదిహేనేళ్లు వెచ్చించడమెందుకు? చేయగలిగిన మేలును ఆలస్యం చేయడం కూడ పాపమే అని జ్ఞానోపదేశంలో మాకు మీరే నేర్పారు గదా?

ఇది కొంటె ప్రశ్న కాదు. అడిగేవారు తమ తీరిక వేళలను, తమ నైపుణ్యాన్ని దేవుని పనికి ఇవ్వాలని నిజంగా కోరుకుంటున్నవారు. వారిని "మీకెందుకురా అబ్బాయిలూ ఇవన్నీ" అని పంపివేయడం న్యాయం కాదు. పైగా వారి తొందరకు కారణముంది. లోకంలో దాదాపు 7 వేల భాషలున్నాయి. పూర్తి బైబులు ఉన్నవి 700 పైచిలుకు మాత్రమే. 1999లో విక్లిఫ్ అనువాదకుల సంస్థవారు, అవసరమున్న ప్రతి భాషలోను 2025 నాటికి అనువాదం మొదలుపెట్టాలని ఒక గురి పెట్టుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో గోండు మాతృభాషగా గలవారు దాదాపు 30 లక్షలు, కోయవారు 4 లక్షలు, సవరలు 4 లక్షలు, కొలామివారు లక్షా పాతికవేలు దాటినవారు. ఒక తరం పోయేలోగా పని జరగకపోతే, ఆ తరం తన భాషలో సువిశేషం వినకుండానే వెళ్లిపోతుంది. ఈ మాటను తేలికగా తీసుకోకూడదు.

తొందరపడాలి అనేవారి పక్షాన నేను ఇంకొక సాక్ష్యం కూడ చెబుతాను. మన తెలుగు బైబులు చరిత్రలోనే అది ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మను లూథరన్ మిషనరీ 18వ శతాబ్దపు తొలిభాగంలో మద్రాసులో ఉండి, తెలుగు నేర్చి, బైబులును తెలుగులోకి తెచ్చాడు. ఆయన స్వదేశం వెళ్లి హాలే పట్టణంలో 1746లో, 1747లో చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అక్షరాల అచ్చుకు మొదటి ఆనవాళ్లు అవే. కాని ఆయన చేసిన బైబులు అనువాదం మాత్రం అచ్చు కాలేదు. వ్రాతప్రతిగానే మిగిలిపోయింది. ఏళ్లతరబడి చేసిన పని యంత్రం దొరకక పెట్టెలో పడి ఉన్నది. కాబట్టి యంత్రమంటే అపవిత్రమని, చేతితో చేసినదే పుణ్యమని ఎవరైనా అంటే, షుల్జ్ వ్రాతప్రతిని వారికి గుర్తు చేయాలి. అచ్చుయంత్రం కూడ యంత్రమే. రేడియో కూడ యంత్రమే.

తరువాత, 1805లో, లండన్ మిషనరీ సొసైటీవారు జార్జి క్రాన్, అగస్టస్ డేగ్రాంజెస్ అనే ఇద్దరిని విశాఖపట్నం పంపారు. అప్పుడు లండనువారి దృష్టిలో మనమే మారుమూల ప్రజలం! ఈ సంగతి మనం మరచిపోతూ ఉంటాము. కొండమీదివారిని గురించి మనమీనాడు "పాపం, వారికి వాక్కు అందలేదు" అంటున్న ఇదే గొంతుతో అప్పుడు ఎవరో మన ముత్తాతల గురించి అన్నారు. క్రాన్ 1809లోను, డేగ్రాంజెస్ 1810లోను మరణించారు. వారికి తోడుగా పనిచేసినవాడు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. వారు సిద్ధం చేసిన సువిశేషాలు శ్రీరాంపురంలో అచ్చయి వెలువడేసరికి ఆ ఇద్దరు దొరలూ సమాధులలో ఉన్నారు. చరిత్ర పుస్తకాలు దొరల పేర్లను పెద్దక్షరాలలో రాశాయి. కాని తెలుగులో ఏ మాట పలుకుతుందో ఏ మాట పలకదో వారికి చెప్పినవాడు ఆనందరాయరు.

మన క్యాతలికుల సంగతి కూడ నిజాయితీగా చెప్పుకోవాలి. ఏసుసభ గురువులు 18వ శతాబ్దం ఆరంభంనుండే పుంగనూరు, వెంకటగిరి వైపు తిరిగి, తెలుగు, సంస్కృతం నేర్చారు. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి "వేదాంత రసాయనం" అనే కావ్యంలో క్రీస్తు చరిత్రను తెలుగు పద్యాలలో పాడాడు. అయినా సాధారణ క్యాతలిక్ కుటుంబం చేతికి తెలుగు బైబులు రావడానికి మనకు చాలకాలం పట్టింది. మన ఇండ్లలో జపమాల ఉండేది, ప్రార్థనల పుస్తకముండేది, బైబులు ఉండేది కాదు. పూజ లతీనులో జరిగేది. 1965 నవంబరులో రెండవ వాటికన్ మహాసభ దైవవాక్కును గురించి వెలువరించిన పత్రంలో, పవిత్ర గ్రంథం విశ్వాసులందరికీ ధారాళంగా అందుబాటులో ఉండాలని, తగిన అనువాదాలు జరగాలని, అవసరమైతే ఇతర క్రైస్తవ సోదరులతో కలిసి ఆ పని చేయవచ్చునని చెప్పింది. ఆ సహకారం ఎట్లా జరగాలో 1968లో నియమాలు వచ్చాయి, 1987లో వాటిని సవరించారు. ప్రొటెస్టంటు సోదరులు ఈ పొలంలో మనకంటె ముందు నాగలి పట్టారు. అందుకు అసూయ పడనక్కరలేదు, కృతజ్ఞత చూపితే చాలు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. అనువాదమంటే ఏమిటి? ఒక బిందెలోని నీటిని మరొక బిందెలోకి వంచడమా? అదే అయితే వంచేది చేయి అయినా యంత్రమైనా తేడా లేదు, ఎంత త్వరగా వంచితే అంత మేలు.

ఈ పని చేసేవారు నిజంగా ఎట్లా చేస్తారో చూడండి. కొత్త నిబంధనంలో సుమారు 8 వేల వచనాలున్నాయి. ముందు ఒక చిత్తుప్రతి తయారవుతుంది. దానిని ఊరిలోకి తీసుకువెళ్లి, ఇంతకుముందు ఆ భాగం విననివారికి చదివి వినిపిస్తారు. "మీకేమి అర్థమైంది? మళ్లీ మీ మాటల్లో చెప్పండి" అంటారు. వారు చెప్పినది వేరుగా ఉంటే తప్పు వినేవారిది కాదు, రాసినవారిది. మళ్లీ దిద్దుతారు. తరువాత ఆ భాషనుండి దానిని తిరిగి తెలుగులోకో ఇంగ్లీషులోకో మార్చి, మూలం ఎరిగిన పండితుడు పరీక్షిస్తాడు. మళ్లీ దిద్దుతారు. పదేళ్లు పట్టేది రాయడానికి కాదు. ఇట్లా అడగడానికి, వినడానికి, దిద్దుకోవడానికి పడుతుంది. ఆ పదేళ్లలో ఎక్కువభాగం అనువాదకుడు గురువు కాడు, శిష్యుడు.

పునీత జెరోము కథ కూడ ఇదే. లతీనులో ఆరితేరిన ఆ పండితుడు హెబ్రీయ భాషకోసం యూదుల వద్ద విద్యార్థియై కూర్చున్నాడు. బెత్లెహేములో ఆయనకు పాఠం చెప్పిన యూదుడు ఇతరుల కంట పడకుండా రాత్రిపూట వచ్చేవాడట. మరి మన పవిత్ర గ్రంథంలోనే ఒక అనువాదకుని పీఠిక ఉన్నది, మీలో ఎందరు గమనించారో! సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం ఆరంభంలో, తాత హెబ్రీయంలో రాసిన గ్రంథాన్ని గ్రీకులోకి మార్చిన మనుమడు పాఠకులను మన్నించమని వేడుకుంటాడు. మూలభాషలో ఉన్న శక్తి వేరొక భాషలోకి అట్లాగే రాదని ఒప్పుకుంటాడు. ఈ గ్రంథం క్యాతలిక్ బైబులులో ఉంది, ప్రొటెస్టంటు బైబులులో లేదు. తాత మాటను చేతిలో పట్టుకొని భయపడుతున్న ఆ మనుమడు నాకు ఎంతో ఇష్టం. యంత్రానికి అటువంటి భయం లేదు. అది తప్పు రాసినా ఒప్పు రాసినా ఒకే ధీమాతో రాస్తుంది.

మన తెలుగువారిలో ఇటువంటి శిష్యుడొకడు ఉన్నాడు. ఆయన క్రైస్తవుడు కాడు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వాడుకభాషకోసం పోరాడినవానిగా ఆయన మనకు తెలుసు, ఆగస్టు 29న ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్నపుడు ఆయన సవరలను తన ఇంటికి పిలిపించుకొని, వారి వద్ద వారి భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వారి భాషలో పాఠాలు రాశారు, బడులు పెట్టారు. 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినాయి. ఆ కొండలలో తిరుగుతూ మలేరియా జ్వరానికి గురై, క్వినైను ఎక్కువగా వాడినందున ఆయనకు చెవుడు వచ్చిందని చెబుతారు. ఒక భాషను వినడానికి వెళ్లిన మనిషి తన వినికిడినే పోగొట్టుకున్నాడు.

సవరల పేరు ఎత్తాను కాబట్టి, ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పిన సంగతి అక్కడిదే. కొంచెం ఓపికగా చదవండి.

సవరలు మన శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండలలోను, వాటి కవతల ఒడిశా గజపతి, రాయగడ జిల్లాలలోను ఉన్నారు. పీర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిషు పరిశోధకుడు 1975లో మొదటిసారి వారి మధ్యకు వెళ్లి, దశాబ్దాల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లి, 1993లోను 2017లోను రెండు పుస్తకాలు రాశాడు. పాతకాలపు సవరలు చనిపోయినవారితో మాట్లాడేవారు. ఊరిలో పూనకం వచ్చే ఒక స్త్రీ నోట ఆ చనిపోయిన తల్లి, అన్న, బిడ్డ పలికేవారు. బ్రతికున్నవారు ఆమె చుట్టూ కూర్చొని ఏడ్చేవారు, నిలదీసేవారు, క్షమాపణ అడిగేవారు. "నీకు జ్వరం వచ్చిననాడు నేను సంతకు వెళ్లాను" అని కొడుకు ఏడిస్తే, తల్లి మొదట కోపపడుతుంది, కొన్నేళ్లకు శాంతిస్తుంది. ఇట్లా ఒక్కొక్క మరణం చుట్టూ ఏళ్లతరబడి సంభాషణ నడిచేది. ఆ చనిపోయినవారి ఆత్మలను వారు "సోనుం" అనేవారు. ఆ మాటలో భయముంది, రోగముంది, ప్రేమ కూడ ఉంది.

కెనడా బాప్తిస్టు మిషనరీలు ఆ కొండలలో బడులు, ఆసుపత్రి, బైబులు తెచ్చారు. తరువాతి తరంవారు వేలసంఖ్యలో క్రైస్తవులయ్యారు. అందువల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. చదువు వచ్చింది. బలులకోసం అప్పులపాలు కావడం తగ్గింది. దళారులకు, అధికారులకు ఎదురు నిలిచి మాట్లాడే ధైర్యం వచ్చింది. విటెబ్‌స్కీ క్రైస్తవ ప్రచారకుడు కాకపోయినా ఈ మేలును దాచలేదు. కాని ఇంకొకటి కూడ జరిగింది. బాప్తిస్టు సవరల వాడుకలో "సోనుం" అనే మాటకు దయ్యం అనే అర్థం స్థిరపడింది. అంటే ఏమైనదో ఆలోచించండి. నిన్నటిదాక చనిపోయిన నాయనమ్మను పిలవడానికి ఉన్న మాట, నేడు ప్రభువు వెళ్లగొట్టిన దయ్యాలకు పేరైంది. నాయనమ్మకోసం ఏడవడానికి మనుమనికి మాట లేకుండా పోయింది.

ఆ మాటను ఎన్నుకున్నవారు దుర్మార్గులు కారు. దయ్యాల పీడనుండి ఆ ప్రజలను విడిపిస్తున్నామనే నమ్మారు. వారి స్థానంలో మనముంటే ఏమి చేసేవారం? మనం క్యాతలికులం. ప్రతి ఏటా నవంబరు 2న సమాధుల దగ్గరకు వెళ్లి సున్నం కొట్టి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తాము. ఉత్తరించే స్థలంలోని ఆత్మలకొరకు పూజ చెప్పిస్తాము. పునీతుల సంబంధం అనే సత్యాన్ని విశ్వాస సంగ్రహంలో ఒప్పుకుంటాము. మృతులతో మంతనాలు జరపడాన్ని శ్రీసభ నిషేధించింది, నిజమే. అయినా మృతులను ప్రేమించడాన్ని, వారిని పేరుపెట్టి తలచుకోవడాన్ని నిషేధించలేదు. ఈ రెంటి మధ్య ఉన్న సన్నని గీతను ఒక కొండభాషలో ఎక్కడ గీయాలి? "సోనుం"ను దయ్యానికి ఇచ్చివేయాలా, దానిని జ్ఞానస్నానం చేయించి ఆత్మలకు ఉంచాలా, రెంటికీ కాకుండా వేరొక మాట వెదకాలా? ఆ భాషలో ఒక్క చావు ఇంట్లోనైనా రాత్రంతా కూర్చోనివాడు దీనికి జవాబు చెప్పలేడు. ఒకవేళ చెప్పినా ఆ జవాబును నమ్మకూడదు.

యంత్రం ఏమి చేస్తుంది? అంతకుముందు ఎవరో ఎన్నుకున్న మాటను తీసి అక్కడ పెడుతుంది. ఎందుకంటే యంత్రం నేర్చుకునేది అచ్చయినదాని నుండే. ఇక్కడ మన యువకులకే ఎక్కువ తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. 2024 జూన్‌లో గూగుల్‌వారు తమ అనువాద సేవలో ఒక్కసారే 110 భాషలు చేర్చారు. వాటిలో సంతాలీ, ఖాసీ, తుళు ఉన్నాయి. కోయ, సవర, గోండు లేవు. కారణం సులభం. యంత్రానికి నేర్పాలంటే రెండు భాషలలో ప్రక్కప్రక్కన పెట్టి చూపదగిన వాక్యాలు లక్షలలో కావాలి. కొండభాషలకు అంత రాత ఎక్కడుంది? అనేక చిన్న భాషలకు దొరికే పెద్ద పుస్తకం ఒక్కటే, అది మిషనరీలు, ఊరివారు కలిసి చేసిన బైబులు అనువాదం. 2023లో ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా కంపెనీవారు మాటలు విని గుర్తించే ఒక యంత్ర వ్యవస్థను వెయ్యికి పైగా భాషలకు తయారుచేశారు. ఆ కంపెనీకి మన హైదరాబాదులో కూడ కార్యాలయమున్నది. ఆ యంత్రానికి పాఠం చెప్పినది ఏమిటో తెలుసా? 1,100కు పైగా భాషలలో కొత్త నిబంధనాన్ని గట్టిగా చదివిన రికార్డింగులు. సగటున ఒక్కొక్క భాషకు 32 గంటలు.

దీనిని తలచుకున్నపుడు నాకు ఒకవైపు ఆశ్చర్యం, మరొకవైపు కలవరం. మారుమూల ప్రజలకోసం చేసిన సువిశేష అనువాదమే ఈనాడు వారి భాషను యంత్రాల లోకానికి పరిచయం చేస్తున్నది. అంటే యంత్రం బైబులును అనువదించడానికి ముందే బైబులు అనువాదం యంత్రానికి భాష నేర్పింది. మనిషి పదేళ్లు కూర్చొని చేసిన పని లేకపోతే యంత్రానికి ఆ భాషలో నోరే లేదు. మన పిల్లలు అడిగే "మనిషి వద్దు, యంత్రం చాలు" అనే మాట ఇక్కడే చిక్కుపడుతుంది. మరి కలవరమెందుకంటే, తన ఊరివారు దేవుని వాక్కు వినాలని గొంతు ఇచ్చిన ఆ పాఠకుడు, తన గొంతు ఒక కంపెనీ పరిశోధనకు ముడిసరుకు అవుతుందని ఊహించి ఉంటాడా? దీనిని దొంగతనమని నేననను. దానివల్ల రేపు ఒక కొండ తల్లి తన భాషలో డాక్టరుతో మాట్లాడగలిగితే అది దేవుడు మెచ్చే పనే. కాని ఇచ్చినవారిని అడగాలి, కనీసం వారికి తెలియజేయాలి అనే మర్యాద ఒకటి ఉన్నది గదా! ఊరిలో ఎవరి కల్లంలోనైనా గింజ తీసుకుంటే చెప్పి తీసుకుంటాము.

అడగడం అనే ఈ మాటను ఇంకొంచెం ముందుకు తీసుకుపోవాలి. మనమిస్తామన్న బైబులును వారు అడిగారా? కొందరు అడిగారు, అడుగుతున్నారు. కొందరు అడగలేదు. 1965 డిసెంబరులో వెలువడిన మత స్వేచ్ఛ ప్రకటనలో మహాసభ, విశ్వాస ప్రచారంలో బలవంతం గాని, ముఖ్యంగా పేదలను చదువురానివారిని మభ్యపెట్టి ఒప్పించడం గాని పనికిరాదని హెచ్చరించింది. మన రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. 1977లో సుప్రీం కోర్టు ఆ హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఎవరికి నచ్చినా నచ్చకున్నా, మన మనస్సాక్షికి మహాసభ మాట చాలు. పదేళ్లు ఊరిలో ఉండి భాష నేర్చుకునేవానికి "మాకు వద్దు" అని చెప్పే సమయం ఊరికి దొరుకుతుంది. మాదాపూరులో ఒక అద్దాల గదిలో కూర్చొని, వారం రోజులలో ఒక కొండభాషలో సువిశేషం తయారుచేసి ఫోనుల్లోకి పంపేవానికి ఎవరు ఎట్లా చెబుతారు?

కొండవారు ఊరికే పుచ్చుకునేవారని కూడ అనుకోకండి. 1936లో మంగై గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపి కల్పించాడు. సోరంగ్ సోంపెంగ్ అని దాని పేరు. తెలుగు అక్షరం, ఒడియా అక్షరం, రోమను అక్షరం మూడూ తమ భాషమీదికి వస్తున్న కాలంలో, అక్షరాన్నే దైవంగా కొలిచే ఒక మార్గాన్ని ఆయన వర్గం పట్టింది. క్రైస్తవులుగా మనం ఆ ఆరాధనలో పాలుపొందలేము. అయినా అందులోని ఆత్మగౌరవాన్ని గుర్తించలేకపోతే మనకు కళ్లు లేనట్టే. 2012లో ఆ లిపి కంప్యూటరు అక్షరాల ప్రపంచ పట్టిక యూనికోడ్‌లో చేరింది. అట్లాగే ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో గోండు భాషకు చెందిన పాత వ్రాతప్రతులు బయటపడినాయి. వాటిని చదవగలిగిన పెద్దలు ఆ ఊరిలో వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని పండితులు వారి వద్దకు వెళ్లి నేర్చుకొని ఆ లిపిని వెలుగులోకి తెచ్చారు. 2018లో గుంజాల గోండి లిపి కూడ యూనికోడ్‌లో చేరింది. ఆ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలోనే ఉంది. మన పిల్లల ఆఫీసు కిటికీలనుండి దాని చెట్లు కనబడతాయి.

అందుచేత యంత్రాన్ని గెంటివేయమని నేననడం లేదు. అది చేయదగిన పనులు చాలా ఉన్నాయి. ఒకే మాటను మత్తయి సువిశేషంలో ఒక విధంగా, లూకాలో మరొక విధంగా అనువదిస్తే ఆ తేడాను మనిషి కన్ను దాటవేస్తుంది, యంత్రం పట్టుకుంటుంది. అచ్చుతప్పులు ఏరుతుంది. సొంత లిపిలో అక్షరాలు చక్కగా వచ్చేట్టు చేయడం, చదువురాని అవ్వకు వినిపించే ఆడియో తయారుచేయడం, చిత్తుప్రతిని దిద్దేవారి మూరెడు పనిని జానెడు చేయడం, ఇవన్నీ మన యువకులు చేతులారా చేయగల సేవలే. బైబులు సంఘాలవారు ఏనాటినుండో పారాటెక్స్ట్ వంటి కంప్యూటరు సాధనాలు వాడుతున్నారు. యంత్రం చిత్తుప్రతి రాసినా, ఊరివారు కూర్చొని దానిని చింపి, కుట్టి, తమది చేసుకునే స్వేచ్ఛ, సమయం ఉంటే నాకు అభ్యంతరం లేదు. నాకు అభ్యంతరం ఒక్కటే. భాష నేర్చుకునే మనిషి ఆ మధ్యలోనుండి తొలగిపోకూడదు. సువిశేషం ఒక సమాచారం కాదు. వాక్కు శరీరం ధరించి మన మధ్య నివసించినదని విశ్వసించేవారం మనం. నజరేతులో ముప్పది ఏళ్లు ఆయన ఆ ఊరి యాసలోనే మాట్లాడాడు. ఆ ముప్పది ఏళ్లను వృధా కాలమని ఎవరైనా అంటారా?

ఫిలిప్పు సంగతి కూడ చూడండి. ఇతియోపీయ కోశాధికారి చేతిలో యెషయా గ్రంథం ముందే ఉంది. పుస్తకం అందింది, చదువు ఉంది, రథం కూడ ఉంది. లేనిది ఒక్కటే, ప్రక్కన కూర్చొని చెప్పేవాడు. ఆత్మ ఫిలిప్పును పంపినది ఇంకొక ప్రతిని ఇచ్చి రమ్మని కాదు. పైగా ఫిలిప్పు పిలవకుండా రథమెక్కలేదు. ఆ అధికారి ఎక్కి కూర్చోమని వేడుకున్న తరువాతనే ఎక్కాడు.

మన యువతీయువకులకు నాదొక మనవి. ఈ పనికి చేయి కలపాలనుకుంటే వెంటనే పాడేరుకో సీతంపేటకో ఉట్నూరుకో బస్సు ఎక్కనక్కరలేదు. 1998లో సైబర్ టవర్స్ తెరచినప్పటినుండి మాదాపూరు చుట్టూ లేచిన మేడలను ఎవరు కట్టారు? పాలమూరునుండి, శ్రీకాకుళంనుండి, ఒడిశానుండి వచ్చిన కూలీలు. నగరం అంచున ఇటుక బట్టీలలో ఒడిశా కుటుంబాలు పిల్లలతో సహా పనిచేస్తున్నాయి. తండాలనుండి వచ్చిన లంబాడీ స్త్రీలు మీ ఆఫీసు నేలలు తుడుస్తున్నారు. మారుమూల మనుషులు మీ లిఫ్టులోనే ఉన్నారు. జనవరిలో వచ్చే దైవవాక్కు ఆదివారానికి, అంటే పోపు ఫ్రాన్సిస్ జగద్గురువులు 2019లో నియమించిన సామాన్య కాలపు మూడవ ఆదివారానికి ముందు, మీ అపార్టుమెంటు వాచ్‌మన్‌ను ఒక్క సంగతి అడగండి. రాత్రి భోజనం చేసి, గేటు దగ్గర కుర్చీలో కూర్చొని, ఊరిలో ఉన్న తల్లితో ఫోనులో ఏ భాషలో మాట్లాడుతున్నారు అన్నా? ఆయన చెప్పినది తెలుగు కాకపోతే, ఆ భాషలో పది మాటలు నేర్పమని అడగండి. నాయనమ్మను ఏమంటారో మొదట అడగండి.